నిలువ నీడ: సిస్టర్ సుబ్బలక్ష్మిగారి జీవితము

టి. నగరు అనగానే మన బంధువులకు మొదట జ్ఞప్తికి వచ్చేవి పట్టుచీరల కొట్లు, నగల దుకాణములు, పాత్రల అంగళ్ళు. పెండ్లి కుదిరినదంటే చాలు, జాబితా చేతబట్టుకొని పానగల్ పార్కు దగ్గర దిగుతారు. ఈ పేట 1920లలో మాంబళము చెరువు ప్రాంతమున వెలసినది. పేట పేరు సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారి జ్ఞాపకార్థము పెట్టినది. పార్కు పేరు పానగల్ రాజాగారిది. ఇద్దరును తెలుగువారే. ఈ సంగతి మనము అప్పుడప్పుడు గర్వముగా చెప్పుకొంటాము.

అంగళ్ళ రద్దీకి అంత దగ్గరలోనే శారదా విద్యాలయమను బాలికల విద్యాసంస్థ ఒకటి ఉన్నది. దానిని నేడు నడుపుచున్నవారు రామకృష్ణ మిషన్ వారు. దాని ముందునుండి నిత్యము వేలమంది పోవుచుందురు గాని, అది ఎవరి కొరకు పుట్టినదో, ఎవరు పుట్టించినారో ఎరిగినవారు తక్కువ. తలదాచుకొనుటకు చోటులేని ఆడపిల్లల కొరకు, తానును అట్టి గతి పట్టవలసిన ఒక స్త్రీ చేసిన పని అది. ఆమె పేరు ఆర్. ఎస్. సుబ్బలక్ష్మి. మదరాసు వారందరును ఆమెను సిస్టర్ సుబ్బలక్ష్మి అని పిలిచినారు. ఆమె తెలుగువారు కారు, జైనులు కారు. అయినను ఆమె జీవితము మన వర్తక కుటుంబములవారు, అందులోను ఇంటి యజమానులు, తప్పక తెలిసికొనదగినది.

బాల్యము, వైధవ్యము

సుబ్బలక్ష్మిగారు 1886వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన మైలాపూరులో పుట్టినారు. తండ్రి సుబ్రహ్మణ్య అయ్యరు, తల్లి విశాలాక్షి. వారి పూర్వులది తంజావూరు జిల్లాలోని రిషియూరు గ్రామము. సుబ్బలక్ష్మి పెద్ద కుమార్తె. చదువులో చురుకైన పిల్ల. తొమ్మిదేళ్ళ ప్రాయమున నాలుగవ తరగతి పబ్లిక్ పరీక్ష వ్రాసి చెంగల్పట్టు జిల్లాకంతటికిని మొదటిదిగా వచ్చినది. పదకొండవ యేట, నాటి ఆచారము ప్రకారము పెండ్లి చేసినారు. కొద్దికాలమునకే భర్త మరణించినాడు. పెండ్లి అంటే ఏమో తెలియని పిల్లకు వైధవ్యము వచ్చినది.

నేటి యువతీయువకులకు ఆ మాట అర్థము పూర్తిగా తెలియకపోవచ్చును. పెద్దకులముల ఇండ్లలో వితంతువు అయిన పిల్లకు యుక్తవయస్సు రాగానే తల గొరిగించేవారు. రంగు చీర, రవిక, పూవులు, బొట్టు, గాజులు ఉండవు. ఒంటిపూట భోజనము. ఉదయమున ఎవరైన పనిమీద బయలుదేరునప్పుడు ఆమె ఎదురు రాకూడదు. శుభకార్యములో ముందునకు రాకూడదు. వంటింటి చాకిరి అంతయు ఆమెదే, పంక్తిలో కూర్చుండే హక్కు ఆమెకు లేదు. 1921 జనాభా లెక్కల ప్రకారము దేశములో పదిహేనేళ్ళ లోపు హిందూ వితంతువులు 3 లక్షలకు పైగా ఉండినారు. వారిలో అయిదేళ్ళయినను నిండని పసివారు 10 వేలకు మించినారు.

ఆనాటి చట్టము కూడ ఈ పిల్లలకు ఇల్లు ఇవ్వలేదు. ఉమ్మడి కుటుంబములో భర్త పోయిన స్త్రీకి ఆస్తిలో భాగము లేదు. తిండికి బట్టకు మాత్రము భరణము. మెట్టినింటివారు తలుపు తీసిన ఉన్నట్లు, మూసిన లేనట్లు. పుట్టినింట తండ్రి ఉన్నంత కాలము ఒక తీరు. అన్నదమ్ముల కాపురములు వచ్చిన తరువాత మరియొక తీరు. వీధిన పడినవారు కొందరు, క్షేత్రములు పట్టిపోయినవారు కొందరు, ఇంటిలోనే ఉండి ఇల్లు లేనివారు అనేకులు. గూడు లేకపోవుట అంటే చెట్టు క్రింద పండుకొనుట ఒక్కటే కాదని సుబ్బలక్ష్మిగారు చిన్ననాడే కన్నులార చూచినారు. ఆమె తల్లి చెల్లెలు వాలాంబాళ్ కూడ బాలవితంతువే. ఆ ఇంటిలోనే ఉండేవారు.

తల్లిదండ్రుల ధైర్యము

ఇక్కడ ఒక మేలు జరిగినది. సుబ్రహ్మణ్య అయ్యరుగారు కూతురి తల గొరిగించుటకు ఒప్పుకొనలేదు. పిల్లకు మరల పెండ్లి చేసే తలంపు వారికి లేదు; కాని పిల్లను మూలన కూర్చుండబెట్టే తలంపు అంతకన్న లేదు. చదివించవలెనని నిశ్చయించుకొన్నారు. బంధువులు ఆడిపోసుకొన్నారు. వితంతువుకు చదువేమి, ఇంగ్లీషు ఏమి అని మైలాపూరు వీధులలో చెప్పుకొన్నారు. ఆ మాటలు విననట్లే తండ్రి ఇంటివద్ద పాఠములు చెప్పినాడు. తరువాత ఎగ్మూరులోని ప్రెజెంటేషన్ కాన్వెంటులో చేర్చినాడు.

ఆ కాన్వెంటులోని సన్యాసినులు పెండ్లి లేకుండనే గౌరవముతో జీవించుట, పరుల పిల్లలకు చదువు చెప్పుటలో తృప్తి పొందుట ఆ బాలిక మనస్సునకు గట్టిగా తగిలినది. పెండ్లి అయిన స్త్రీకే విలువ అను లోకములో ఇది ఆమెకు క్రొత్త దారి చూపినది. మతము మార్చుకొనలేదు, ఆచారము విడువలేదు. సేవలో జీవితము గడపవలెనను సంకల్పము మాత్రము అక్కడ స్థిరపడినది. తెల్లచీరతో సన్యాసినివలె బ్రదికిన ఆమెకు సిస్టర్ అను పిలుపు నిలిచిపోయినది.

పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి 1911లో బి.ఏ. పట్టము పొందినారు. మదరాసు రాజధానిలో పట్టభద్రురాలైన మొదటి హిందూ మహిళగా ఆమెను చెప్పుకొంటారు. అంతటి చదువు చదివిన స్త్రీకి ఆనాడు మంచి ఉద్యోగము, సుఖమైన జీవితము దుర్లభములు కావు. ఆమె ఆ దారిన పోలేదు.

రెండు కొరతలు

మదరాసు ప్రభుత్వములో బాలికల విద్యకు ఇన్‌స్పెక్ట్రెసుగా ఉండిన మిస్ క్రిస్టినా లించ్ అను దొరసానికి ఆ రోజులలో ఒక చిక్కు ఉండినది. ఆడపిల్లల బడులు తెరచినను ఉపాధ్యాయినులు దొరకరు. పురుషులు పాఠములు చెప్పే బడికి పెద్ద పిల్లలను పంపుటకు తల్లిదండ్రులు ఒప్పుకొనరు. పెండ్లి అయిన స్త్రీలను ఇంటివారు ఉద్యోగమునకు పంపరు. పెండ్లి కాని యువతులు హిందూ కుటుంబములలో ఉండనే ఉండరు.

మరియొక వైపు చూడండి. వేలమంది బాలవితంతువులు ఇండ్లలో ఉన్నారు. వారికి చేయుటకు పని లేదు, పోవుటకు చోటు లేదు. వారిని చదివించి ఉపాధ్యాయినులుగా తీర్చిదిద్దినచో బడులకు కొరత తీరును, వారికి జీతము, గౌరవము, నిలువ నీడ దొరకును. ఒక అంగడిలో నిలిచిపోయిన సరకు మరియొక ఊరిలో కరవుగా ఉండుట వర్తకులము మనము ఎరిగినదే. రెంటిని కలుపువాడు ఉండవలెను. మిస్ లించ్, సుబ్బలక్ష్మి కలిసి ఆలోచించినది ఇదే.

అయితే పల్లెనుండి వితంతువైన పిల్లను పట్నమునకు ఎవరు పంపుదురు? ఎక్కడ ఉంచుదురు? ఎవరి చేతి అన్నము తినును? చిక్కుముడి ఇక్కడ ఉన్నది. బడికన్న ముందు ఇల్లు కావలెను. ఈ సత్యమును పట్టుకొనుటయే సుబ్బలక్ష్మిగారి ఘనత. ఆమె తన ఇంటినే ఆశ్రమము చేసినారు. ఎగ్మూరులో నలుగురు పిల్లలతో ఆ పని మొదలైనది. పిన్నమ్మ వాలాంబాళ్ వంట, ఇంటి యాజమాన్యము తన తలమీద వేసికొన్నారు. జీవితమంతయు ఇతరుల వంటింటిలో గడపవలసిన స్త్రీ, తన వంటి పిల్లలకు తల్లియై అన్నము పెట్టినది. సంస్థ చరిత్రలు వ్రాయువారు పట్టభద్రురాలి పేరు పెద్దగా వ్రాసి వంట చేసిన ఆమె పేరు మరచిపోవుదురు. ఇద్దరిలో ఎవరు లేకున్నను ఆ ఇల్లు నిలిచేది కాదు.

1912లో శారదా లేడీస్ యూనియన్ అను స్త్రీల సమాజమును ఆమె స్థాపించినారు. గృహిణులు కూడి చదువుకొనుటకు, లోకవిషయములు తెలిసికొనుటకు, దిక్కులేని స్త్రీలకు సాయము చేయుటకు ఆ సమాజము ఏర్పడినది. ఒక్కరి దయమీద నడచే పని ఆ ఒక్కరితో ముగియును. పదిమంది చేతులు పడినచో నిలుచును. ఆమె ఈ సూత్రమును మొదటినుండియు పాటించినారు.

ఐస్ హౌస్

పిల్లల సంఖ్య పెరిగినది. ఎగ్మూరు ఇల్లు చాలక తిరువల్లిక్కేణికి మారినారు. అదియు చాలలేదు. అప్పుడు కంటబడినది సముద్రతీరమున ఉన్న ఐస్ హౌస్.

ఆ భవనము కథ వర్తకులు వినదగినది. అమెరికా దేశములోని బోస్టను నగర వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ అచ్చటి చెరువులలో చలికాలమున గడ్డకట్టిన మంచును కోయించి, రంపపు పొట్టులో కప్పి, ఓడలమీద మన దేశమునకు తెచ్చి అమ్మినాడు. ఆ మంచు నిలువ చేయుటకు 1842 ప్రాంతమున కట్టినది ఈ కట్టడము. యంత్రముతో మంచు చేయుట వచ్చిన తరువాత ఆ బేరము పోయినది. పిమ్మట బిళిగిరి అయ్యంగారను వకీలు దానిని కొని ఇల్లుగా మార్చుకొన్నారు. 1897లో వివేకానందస్వామి పడమటి దేశములనుండి తిరిగివచ్చినప్పుడు అక్కడనే బస చేసినారు. మదరాసు రామకృష్ణమఠము మొదటి సంవత్సరములు గడచినదియు అచ్చటనే.

1917లో ప్రభుత్వము ఆ భవనమును తీసికొన్నది. సుబ్బలక్ష్మిగారి వితంతు గృహము అందులోనికి వచ్చినది. ఇంతటి బంగళా వితంతువులకా అని ఆక్షేపించినవారు ఉండిరి. ఎదురైన అపశకునమని జనులు తప్పుకొనిపోయే పిల్లలు, పట్నములోని ప్రముఖ భవనములలో ఒకదానిలో, సముద్రపు గాలిలో చదువుకొనిరి. ఆటలు ఆడుకొనిరి. వైద్యము దొరికినది. తలవెండ్రుకలు పెంచుకొనుటకు అడ్డు లేకపోయినది. ఏ పిల్లను ఏ పేరుతో పిలిచి ఇంటిలో తిట్టిరో ఆ పేరు అక్కడ వినబడలేదు.

అయితే ఆమె పూర్వాచారమును ఒక్కసారిగా పడగొట్టలేదు. ఆ గృహమునకు మొదట బ్రాహ్మణ వితంతువులనే చేర్చుకొన్నారు. మడి, ఆచారము, వంట అంతయు సంప్రదాయము ప్రకారమే నడచినది. ఎందుకనగా, పిల్ల ఆచారము చెడిపోవునను భయమున్నంతవరకు ఏ తండ్రియు పిల్లను పంపడు. పునర్వివాహమును ఆమె సంస్థ ప్రచారము చేయలేదు. చేసినచో మరుసటి దినమే సగము మంది పిల్లలను ఇండ్లకు తీసికొనిపోయి ఉందురు. చేసికొన్నవారిని ఆమె తరిమివేయనులేదు.

ఈ విషయమున ఆమెను తప్పుపట్టినవారు ఆనాడును ఉన్నారు, ఈనాడును ఉన్నారు. వైశ్య కుటుంబములలోను, ఇతర కులములలోను బాలవితంతువులు లేరా, వారికి తలుపు ఏల మూసినారు అని అడుగుట న్యాయమే. ఆ గోడ ఆమె పనిలోని లోపమని ఒప్పుకొనవలెను. ఆమె సాధించినదానిని కూడ అంతే నిజాయితీగా చెప్పవలెను. అతి కఠినమైన ఆచారము గల ఇండ్ల తలుపులు లోపలినుండి తెరచుకొనునట్లు చేసినది ఆమె. ఆ ఇండ్లలో ఒకసారి సాధ్యమైన పిమ్మట, మా ఇంటిలో కుదరదు అని చెప్పుటకు ఇతరులకు సాకు లేకపోయినది.

మన ఆంధ్రదేశమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించి ఎదురొడ్డి పోరాడినారు. పూనా వద్ద కర్వే మహాశయుడు 1896లో వితంతువులకు ఆశ్రమము పెట్టి చదువు దారి చూపినారు. జైన సమాజములోను ఈ పని జరిగినది. సేఠ్ మాణిక్‌చంద్ గారి కుమార్తె మగన్‌బాయి, తానే చిన్నవయస్సున భర్తను పోగొట్టుకొని, బొంబాయిలో శ్రావికాశ్రమము నడిపినారు. బీహారులోని ఆరా పట్టణమున పండిత చందాబాయి, ఆమెయు బాలవితంతువే, 1921లో జైన బాలావిశ్రామమును స్థాపించినారు. దేశము నాలుగు మూలల ఒకే కాలమున ఒకే బాధ, ఒకే మందు. మందు కనిపెట్టినవారిలో ఆ బాధ పడినవారే అనేకులు.

వయస్సు దాటినవారి గతి

ఐస్ హౌస్ నుండి చదువు ముగించి బయటికి వచ్చినవారిలో ఎక్కువమంది ఉపాధ్యాయినులైనారు. ఒక పిల్ల జీతము తెచ్చి తల్లి చేతిలో పెట్టినచో ఆ ఊరిలో ఎన్ని ఉపన్యాసములు ఇచ్చినను రాని మార్పు వచ్చును. నిన్నటివరకు బరువు అనిపించిన పిల్ల నేడు తమ్ముని చదివించుచున్నది. ఆమెను ఇంటినుండి పొమ్మనువారు ఎవరు?

1922లో లేడీ విల్లింగ్డన్ ట్రెయినింగు కళాశాల ప్రారంభమైనప్పుడు సుబ్బలక్ష్మిగారు మొదటి ప్రిన్సిపాలు అయినారు. ఉపాధ్యాయ శిక్షణ పొందుటకు వచ్చిన స్త్రీలలో కులభేదము లేకుండ అందరును ఉండిరి. ఆమె ఎక్కడ తలుపు తెరువ వీలు కలిగినదో అక్కడ తెరచినారు.

అంతలో ఒక క్రొత్త చిక్కు కనబడినది. ప్రభుత్వ గృహములో చిన్న పిల్లలకే చోటు. పద్దెనిమిదేళ్ళు దాటి, అక్షరము రాక, చేతిలో పని లేక వచ్చిన స్త్రీలను చేర్చుకొనుటకు నిబంధన అడ్డు. మొగుడు వదిలిపెట్టినవారు, ఎవరును లేనివారు కూడ వచ్చుచుండిరి. నిబంధన చూపి తలుపు వేయుట గుమాస్తా పని. నిబంధన చాలనిచోట మరియొక ఇల్లు కట్టుట పెద్దల పని. శారదా లేడీస్ యూనియన్ ఆధ్వర్యమున 1920లలో ఆమె శారదా విద్యాలయమును వసతితో కూడిన సంస్థగా ప్రారంభించినారు. తరువాత దానిని రామకృష్ణ మిషన్ వారికి అప్పగించినారు. టి. నగరులో నేడు ఆ పేరుతో వెలయుచున్న విద్యాసంస్థ ఆ విత్తనమునుండి మొలచిన చెట్టే. తాను పెట్టిన సంస్థను ప్రాణమున్నంతకాలము పిడికిట పట్టుకొనక, నడుపగలవారికి అప్పగించి తాను క్రొత్త పనికి పోవుట ఆమె స్వభావము. ధర్మసంస్థల యాజమాన్యమున తగవులాడుకొనేవారు నేర్చుకొనవలసిన గుణమిది.

చట్టము కొరకు వాదము

ఇండ్లు కట్టినంత మాత్రాన వితంతువుల ప్రవాహము ఆగదు. పసిపిల్లలకు పెండ్లిండ్లు చేసినంతకాలము పసి వితంతువులు పుట్టుచునే ఉందురు. కనుక సుబ్బలక్ష్మిగారు మూలమున దెబ్బకొట్టుటకు పూనుకొన్నారు. బాల్యవివాహములను గూర్చి విచారించుటకు ఏర్పడిన జోషీ సంఘము ఎదుట సాక్ష్యమిచ్చినారు. అఖిలభారత మహిళా సభవారితో, డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి గారి వంటి సహచరులతో కలిసి పనిచేసినారు. 1929లో శారదా చట్టము ఆమోదింపబడి 1930 ఏప్రిలు 1నుండి అమలులోనికి వచ్చినది. పిల్లకు 14, పిల్లవానికి 18 సంవత్సరములు నిండనిదే పెండ్లి చేయరాదని అది విధించినది. చట్టమునకు ఆ పేరు హరవిలాస్ శారదా అను సభ్యునినుండి వచ్చినది. సుబ్బలక్ష్మిగారి శారదా సమాజమునకును దానికిని పేరొకటగుట కాకతాళీయము.

ఆస్తి విషయమున మార్పు నెమ్మదిగా వచ్చినది. 1937 చట్టము భర్త ఆస్తిలో వితంతువుకు భాగము ఇచ్చినది గాని, బ్రదికి ఉన్నంతకాలము అనుభవించే హక్కు మాత్రమే ఇచ్చినది. 1956 హిందూ వారసత్వ చట్టముతోనే ఆమె తన భాగమునకు పూర్తి యజమానురాలైనది. ఈ చట్టము జైనులకును వర్తించును. 2005లో రెండు మేళ్ళు జరిగినవి. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానముగా జన్మహక్కు వచ్చినది. గృహహింస చట్టము వలన స్త్రీని తాను కాపురమున్న ఇంటినుండి చట్టవిరుద్ధముగా వెళ్ళగొట్టరాదను రక్షణ వచ్చినది. తన ఇంటిలో నలుగురు పిల్లలకు చోటిచ్చి సుబ్బలక్ష్మిగారు మొదలుపెట్టిన న్యాయము, చట్టపుస్తకమున చేరుటకు దాదాపు ఒక శతాబ్దము పట్టినది.

ఆమె వలెనే మదరాసులో మరి ఇద్దరు స్త్రీలు ఈ పని చేసినారు. దేవదాసీ వృత్తి మానుటకు చట్టము తేవలెనని పోరాడిన ముత్తులక్ష్మీరెడ్డిగారు, ఆ వృత్తినుండి వచ్చిన పిల్లలను ఏ వసతి గృహమును చేర్చుకొనకపోగా 1930 ప్రాంతమున అడయారులో అవ్వై హోము స్థాపించినారు. రాజమహేంద్రవరమున పుట్టిన మన దుర్గాబాయమ్మగారు 1937లో ఆంధ్ర మహిళా సభకు మదరాసులో అంకురార్పణ చేసినారు. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలకు తక్కువ కాలములో చదువు చెప్పి పనిలో నిలబెట్టుట ఆ సభ ప్రసిద్ధికి కారణము. ఒకరు విడిచిన వారిని మరియొకరు అందుకొన్నారు. సుబ్బలక్ష్మిగారి గృహమున ఉండిన గోడను తక్కిన ఇద్దరు దాటిపోయినారు.

చివరి దినములు

ఉద్యోగము ముగిసినను ఆమె విశ్రాంతి తీసికొనలేదు. 1942లో మైలాపూరులో వయోజన స్త్రీల కొరకు శ్రీ విద్యా కళానిలయమును ప్రారంభించినారు. మైలాపూరు లేడీస్ క్లబ్బు అధ్యక్షురాలుగా ఆమె నాటిన బడియే 1956నుండి విద్యామందిర్ అను పేరున ప్రసిద్ధి కెక్కినది. 1952నుండి 1956వరకు మదరాసు శాసనమండలిలో నియమిత సభ్యురాలుగా ఉన్నారు. పూర్వము 1920లో ఆంగ్లప్రభుత్వము కైసరె హింద్ బంగారు పతకము ఇచ్చినది. 1958లో స్వతంత్ర భారతప్రభుత్వము పద్మశ్రీ బిరుదముతో సత్కరించినది. మోనికా ఫెల్టన్ అను ఆంగ్ల వనిత ఆమె జీవితమును 1966లో గ్రంథముగా ప్రకటించినారు. 1969 డిసెంబరు 20వ తేదీన సుబ్బలక్ష్మిగారు పరమపదించినారు. నాడు ఆమెకు 83 సంవత్సరములు.

ఐస్ హౌస్ నేడు వివేకానంద స్మారకము. వితంతువు తల గొరిగించే ఆచారము పోయినది. బాలవితంతువు అను మాట మన పిల్లలకు నిఘంటువు చూచి చెప్పవలసిన మాట అయినది. ఇక ఆ కథ ముగిసినదనుకొనవచ్చునా?

మన వాకిట ఉన్న పని

టి. నగరు అంగళ్ళలో పనిచేయు అమ్మాయిలు అనేకులు దూరపు జిల్లాలనుండి వచ్చినవారు. పగలు మన కొట్టులో చీరలు మడతపెట్టుదురు; రాత్రి ఎక్కడ పండుకొందురు? ఆ గదికి గాలి ఉన్నదా, నీళ్ళు వచ్చునా, గొళ్ళెము సరిగా పడునా, జ్వరము వచ్చిననాడు చూచువారు ఎవరు? స్త్రీల వసతి గృహములను క్రమపరచుటకు తమిళనాడు ప్రభుత్వము 2014లో ఒక చట్టము చేసినది. అంగళ్ళలో పనివారికి కూర్చుండుటకు ఆసనము ఇవ్వవలెనని 2021లో మరియొక సవరణ తెచ్చినది. నిలుచుండి అమ్మువారికి కూర్చుండుటకు బల్ల కావలెనని చట్టము చెప్పేవరకు మనకు తోచకపోవుట చిన్న విషయము కాదు.

పెద్ద నగరములలో లక్షమందికి ఒకటి చొప్పున రాత్రింబగళ్ళు తెరచి ఉండే ఆశ్రయము ఉండవలెనని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించినది. స్త్రీలకు ప్రత్యేకముగా ఆశ్రయములు చెన్నైలోను ఉన్నవి. కాని కాలిబాట మీద రాత్రి గడపే స్త్రీ చలికన్న, వానకన్న మనిషికి ఎక్కువ భయపడును. అట్టి స్త్రీకి మంచము ఇచ్చినంత మాత్రాన చాలదు. పని నేర్పవలెను, కాగితములు చేయించవలెను, పిల్లను బడిలో వేయవలెను. ఇల్లు, చదువు, పని అను మూడును ఒకే కప్పు క్రింద ఉండవలెనని ఎగ్మూరు ఇంటిలో నిరూపించినది సుబ్బలక్ష్మిగారే.

మన పూర్వాచార్యులు దానములను చెప్పునప్పుడు ఆహారము, ఔషధములతోపాటు ఆవాసమును కూడ చేర్చినారు. సమంతభద్రాచార్యులవారి శ్రావకాచారములో ఆ మాట ఉన్నది. అన్నదానమునకు మనవారు వెనుదీయరు, మందులకు ఇచ్చుదురు, ఆవాసదానమునకు వచ్చునప్పటికి చేయి కొంత ముడుచుకొనును. ఒంటరిగా వచ్చిన స్త్రీకి గది ఇచ్చుటకు సందేహించే సత్రములు నేటికిని ఉన్నవి. తోడు ఎవరని అడుగుదురు. తోడు ఉన్నచో ఆమె సత్రమునకు ఏల వచ్చును?

మన ఇండ్లలోనే చూచుకొనవలసినదియు కొంత ఉన్నది. దుకాణము లెక్కలు పైసాతో సహా చూచుకొనే మనము, మనము లేని తరువాత ఇంటి ఇల్లాలు ఏ ఇంటిలో, ఎవరి దయమీద ఉండునో వ్రాసిపెట్టుచున్నామా? ఇల్లు ఆమె పేర ఉన్నదా? వీలునామా ఉన్నదా? విధవయైన కోడలు, భర్త విడిచిన కూతురు, పెండ్లి కాని చెల్లెలు, వీరిలో ఎవరైనను ఈ దీపావళినాడు మన ఇంటి మూలగదిలో అతిథివలె బ్రదుకుచున్నారా? ధర్మకార్యము మొదలుపెట్టుటకు పెద్ద నిధి అక్కరలేదు. సుబ్బలక్ష్మిగారు మొదలుపెట్టిననాడు ఉన్నది ఒక ఇల్లు, ఒక పిన్నమ్మ, నలుగురు పిల్లలు. క్రొత్త లెక్కల పుస్తకము తెరచినప్పుడు మొదటి పుటలో లాభమునకు ప్రక్కన ఆవాసమునకు ఒక పద్దు వ్రాయుడు. ఎంత వ్రాయవలెనో ఎవరి శక్తి వారికి తెలియును. వ్రాసినదానిని ఆ సంవత్సరములోనే చెల్లించవలెను. ఎందుకనగా తలుపు తట్టేవారు వచ్చే సంవత్సరమువరకు నిలువలేరు.